కొలిచిన లోతు, ఊహించిన లోతు: ఇన్‌కాయిస్‌కు బహిరంగ లేఖ



కోస్తా జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. శైవలాలు నేను చెప్పిన పాఠం, నాకు ఇష్టమైన చదువు కూడా. హైదరాబాదులో ప్రగతినగర్ పక్కన ఉన్న మీ సంస్థ ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం) 1999 నుంచి మన తీరానికి చేస్తున్న సేవ తెలిసినదాన్ని. చేపలు ఎక్కువగా దొరికే చోట్ల గురించి మీరిచ్చే సూచనలు తెలుగులో మా తీరం దాకా వస్తాయి. పెద్ద కెరటాల హెచ్చరికైనా, సునామీ హెచ్చరికైనా మీ దగ్గరినుంచే రావాలి. ఆ నమ్మకంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. పత్రికా ముఖంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో అడుగుతున్నవన్నీ మీ ఒక్కరి చేతుల్లో లేవు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ, విశ్వవిద్యాలయాలు, మత్స్యశాఖ కూడా వినవలసినవి ఇందులో ఉన్నాయి.

విషయం ఇది. సముద్రం పైపొరను ఉపగ్రహం చూస్తుంది. దాని కింద ఏముందో మెషీన్ లెర్నింగ్ లెక్కగట్టి చెబుతుంది. గత పదేళ్లలో ఈ పద్ధతి బాగా ముందుకొచ్చింది. వృక్షప్లవకాల గురించి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నాకు ఇది పెద్ద పండుగ. కానీ ఆ లెక్కకు చదువు చెప్పేవి నీళ్లలోకి దిగిన పరికరాలు, చెప్పేవాళ్లు సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న మనుషులు. లెక్క బాగానే కుదురుతోంది కదా అని వాళ్లను, వాటిని తగ్గించుకుంటే బంగాళాఖాతం విషయంలో తీరని నష్టం జరుగుతుంది. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

వృక్షప్లవకాల సంగతి మీకు చెప్పనక్కరలేదు, ఈ లేఖ చదివే మిగతావారి కోసం రెండు మాటలు. భూమి మీద ఏటా జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ కంటికి కనబడని కణాలదే. మొత్తం మొక్కల బరువులో వీటి వాటా మాత్రం నూటికి ఒక వంతు కూడా ఉండదు. రోజుల్లోనే పుట్టి, రెండై, నాలుగై, ఇంకో జీవికి ఆహారమైపోతాయి. కవళ్లు, కానాగడతలు, వాటిని తినే వంజరం, తూర, అన్నీ చివరికి వీటి మీద బతికేవే. చచ్చి కిందికి జారే కణాలు కార్బన్‌ను లోతులకు మోసుకుపోతాయి. అక్కడ కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను తోడేస్తాయి. బంగాళాఖాతంలో నడిమి లోతుల్లో ఆక్సిజన్ ఇప్పటికే ఆనవాలుగా మాత్రమే మిగిలి ఉందని 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. పైన ఎంత పచ్చదనం పుడుతోంది, అందులో ఎంత కిందికి పోతోంది అన్న లెక్క తప్పితే ఆ ఆక్సిజన్ లెక్క కూడా తప్పుతుంది.

ఇక ఉపగ్రహం. 1999లో ఓషన్‌శాట్-1, 2009లో ఓషన్‌శాట్-2, 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54 మీద ఈఓఎస్-06, ఈ మూడూ మన శ్రీహరికోట నుంచే ఎగిరాయి. ఈఓఎస్-06లోని కెమెరా సముద్రపు రంగును 13 వర్ణపట్టీల్లో చూస్తుంది. గొప్ప పరికరమే. అయినా నీటి లోపలి నుంచి తిరిగి పైకి వచ్చే వెలుతురులో చాలావరకు పైపొరదే. ఎండ అందే లోతులో ఉపగ్రహానికి కనిపించేది సుమారు అయిదో వంతు. ఆ కింద ఏమున్నా దానికి తెలియదు.

అరేబియా సముద్రంలో ఈ లోటు కొంతవరకు సర్దుకుంటుంది. నైరుతి గాలులు అక్కడ బలంగా వీచి అడుగునీటిని పైకి లాగుతాయి, పోషకాలు పైకి వస్తాయి, పచ్చదనం ఉపగ్రహం కంట పడుతుంది. మన వైపు కథ వేరు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు, దాని మీద పడే వాన కలిసి బంగాళాఖాతం మీద ఒక తేలిక పొరను పరుస్తాయి. కింద బరువైన ఉప్పునీరు. ఈ పొరను చీల్చి అడుగు పోషకాలను పైకి కలిపేంత బలం ఇక్కడి గాలులకు లేదు. అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతం ఎందుకు పేదదన్న ప్రశ్నకు గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ప్రసన్నకుమార్ బృందం 2002లో ఇచ్చిన జవాబు ఇదే. పైన పోషకాలు లేక, మరీ కింద వెలుతురు లేక, మన సముద్రంలో వృక్షప్లవకాలు మధ్యలో ఒక చోటు చూసుకున్నాయి. చాలాచోట్ల 40 నుంచి 70 మీటర్ల లోతున క్లోరోఫిల్ పొర దట్టంగా ఉంటుంది. ఆకాశం నుంచి చూస్తే అదే చోట నీలంగా, ఏమీ లేనట్టుగా కనబడుతుంది.

దీనికి ఒక ఉదాహరణ: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. మనుషుల నష్టం, చెట్ల నష్టం మనందరికీ గుర్తుంది. సముద్రంలో జరిగింది తక్కువమందికి తెలుసు. తుపాను దారి పొడవునా నీటిమీద పచ్చదనం పెరిగింది. అందులో ఎంత కొత్తగా మొలిచింది, ఎంత లోతున అప్పటికే ఉన్నది గాలి కలపడంతో పైకి తేలింది? రెండూ ఉపగ్రహానికి ఒకేలా కనిపిస్తాయి. చేపల దృష్టితోనూ, కార్బన్ దృష్టితోనూ చూస్తే మాత్రం రెండూ పూర్తిగా వేరు సంగతులు. ఆ సమయంలో బంగాళాఖాతంలో ఉన్న బయో-ఆర్గో ఫ్లోట్, అంటే లోతుల్లోకి దిగి కొలిచే పరికరం, ఇచ్చిన నిలువు కొలతల వల్లే ఆ ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించడానికి వీలైంది. ఆ ఒక్క ఫ్లోట్ ఆ చోట లేకపోయి ఉంటే మనకు మిగిలేది పైపొర చిత్రమే.

ఆర్గో ఫ్లోట్లు ప్రపంచ సముద్రాల్లో సుమారు 4,000 ఉన్నాయి. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడినుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి, నీటిపైకి వచ్చి ఉపగ్రహానికి పంపుతాయి. బయో-ఆర్గో రకం వీటితోపాటు ఆక్సిజన్, నైట్రేట్, ఆమ్లత్వం, క్లోరోఫిల్, తేలే రేణువులు, లోపలి వెలుతురు కొలవగలదు. ప్రపంచం మొత్తానికి ఇలాంటివి వెయ్యి కావాలన్నది లక్ష్యం. మామూలు ఫ్లోట్ కన్నా వీటి ఖరీదు ఎన్నో రెట్లు. అందువల్ల ఇవి ఎప్పుడూ తక్కువే. ఈ తక్కువ కొలతల నుంచి ఎక్కువ సముద్రాన్ని తెలుసుకోవాలన్న అవసరమే మెషీన్ లెర్నింగ్‌ను ఇక్కడికి తెచ్చింది.

నిజానికి ఈ ఆలోచన పాతది. సముద్ర శాస్త్రవేత్త శుభా సత్యేంద్రనాథ్, ట్రెవర్ ప్లాట్‌తో కలిసి 1988లోనే సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో, ఉపగ్రహ చిత్రం నుంచి సముద్రపు ఉత్పత్తిని లెక్కించాలంటే లోతున ఉన్న క్లోరోఫిల్ శిఖరపు ఆకారం తెలియాలన్నారు. సముద్రాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతానికి, ఒక్కో రుతువుకు ఆ ఆకారాన్ని ఓడల కొలతల నుంచి తీయాలన్నది వారి మార్గం. 2016లో ఫ్రాన్స్‌కు చెందిన రాఫెల్ సోజెడ్ బృందం అలాంటి ఆకారాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పించింది. ఉపగ్రహం చూసిన సముద్రపు రంగు, అదే చోట అదే రోజు ఆర్గో కొలిచిన సాంద్రత, ఏడాదిలో ఏ రోజన్న వివరం ఇస్తే, లోతువారీగా రేణువుల పరిమాణాన్ని అది అంచనా వేస్తుంది. ఆ దారిలోనే యూరప్‌లోని కోపర్నికస్ సముద్ర సేవ ఇప్పుడు ప్రపంచమంతటికీ పైనుంచి వెయ్యి మీటర్ల దాకా వారం వారం పటాలు ఇస్తోంది. ఫ్లోట్ ఒక్కటీ లేని చోట కూడా పటంలో అంకె ఉంటుంది.

ఆ అంకె గురించే నా ఆందోళన.

మొదటిది, ఆ అంకె దేన్ని చూసి నేర్చుకుంది? ఫ్లోట్ మీద ఉండే పరికరం క్లోరోఫిల్‌ను నేరుగా కొలవదు. నీలికాంతిని వేసి, కణాలు తిరిగి విడిచే ఎర్రని మెరుపును కొలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండ ఎక్కువైతే పైపొరలోని కణాలు తమను కాపాడుకోవడానికి ఆ మెరుపును తగ్గించుకుంటాయి, పరికరం అక్కడ పచ్చదనం తగ్గిందంటుంది. దాన్ని దిద్దడానికి పద్ధతులున్నాయి. ఎక్కువగా వాడే ఒక రకం పరికరం ఫ్యాక్టరీ అంకెలతో చూస్తే క్లోరోఫిల్‌ను సగటున రెండింతలుగా చూపిస్తోందని 2017లో బయటపడింది. ఆ తప్పును సరిచేసే దిద్దుబాటు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. బంగాళాఖాతానికి సరైన దిద్దుబాటు కావాలంటే, ఫ్లోట్ దించిన చోటే ఓడ మీదినుంచి నీళ్లు తోడి, వడకట్టి, ప్రయోగశాలలో క్లోరోఫిల్ తీసి పోల్చాలి. ఈ పని చేయకుండా పోగేసిన వేల కొలతలను యంత్రానికి ఇస్తే అది తప్పును కూడా అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది.

క్లోరోఫిల్ సరిగా కొలిచినా చిక్కు తీరదు. వెలుతురు తక్కువున్న లోతుల్లో బతికే కణం తనలో పత్రహరితాన్ని పెంచుకుంటుంది. పైపొర కణంతో పోలిస్తే అదే బరువుకు ఎన్నో రెట్లు క్లోరోఫిల్ దానిలో ఉండవచ్చు. అరవై మీటర్ల దగ్గర క్లోరోఫిల్ అయిదింతలైనంత మాత్రాన అక్కడ ఆహారం అయిదింతలు ఉన్నట్టు కాదు. వృక్షశాస్త్రంలో ఇది మొదటి పాఠం: నీడలో పెరిగిన ఆకు ఎక్కువ పచ్చగా ఉంటుంది. పటం తయారుచేసేవారు దీన్ని మరచిపోతే మత్స్యశాఖ ఆ పటాన్ని చేపల లెక్కగా చదువుతుంది.

ఇదేమీ పుస్తకాల్లో మిగిలిపోయే సందేహం కాదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2016లో, పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో వృక్షప్లవకాలు 20 శాతం వరకు తగ్గాయని ప్రకటించింది. నీరు వేడెక్కి పొరలు గట్టిపడితే పైకి పోషకాలు రావన్నది కారణం. ఇది మనమందరం భయపడవలసిన సంగతే. మరి పైన తగ్గినదాంట్లో కొంత లోతుకు జరిగిందా? కణాలు అలాగే ఉండి పత్రహరితం మాత్రమే తగ్గించుకున్నాయా? అట్లాంటిక్‌లోని బెర్ముడా దగ్గర 1988 నుంచి ఓడ మీద వెళ్లి నీళ్లు తోడుతూనే ఉన్నారు. అలా పోగైన 33 ఏళ్ల కొలతలను ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2024లో విశ్లేషిస్తే, పైపొర ప్లవకాలు, లోతు ప్లవకాలు వేడికి వేరు వేరుగా స్పందిస్తున్నాయని తేలింది. పైపొరలో క్లోరోఫిల్ మారినంతగా కణాల బరువు మారలేదు. లోతున ఇటీవలి సంవత్సరాల్లో బరువు పెరిగింది. ఈ జవాబు వచ్చింది ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి కొలిచిన మనుషుల ఓపిక నుంచి. బంగాళాఖాతంలో అలా ముప్పై ఏళ్లు ఆగకుండా, అన్ని లోతుల్లోనూ ప్లవకాలను కొలిచే స్థానం ఒకటి మనకు కావాలి. ఈ లేఖలో నేను అడుగుతున్న వాటన్నిటిలో పెద్దది అదే.

రెండో ఆందోళన, యంత్రం చూడని సముద్రం. దానికి పాఠం చెప్పాలంటే ఉపగ్రహ చిత్రం, ఫ్లోట్ కొలత ఒకే చోట ఒకే సమయంలో దొరకాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతం మీద మబ్బు వీడదు. సముద్రపు రంగు చూసే ఉపగ్రహం మబ్బుల గుండా చూడలేదు. ఫ్లోట్ మాత్రం కొలుస్తూనే ఉంటుంది. జత దొరకదు కాబట్టి ఆ కొలత పాఠంలోకి ఎక్కదు. ఫలితంగా యంత్రం ఎక్కువగా నేర్చుకునేది తేటగా ఉన్న రోజుల సముద్రాన్ని. నదులు పొంగేది, గాలి నీటిని కలిపేది, వాయుగుండాలు పుట్టేది మబ్బు రోజుల్లో. మన సముద్రం ఎక్కువగా మారే కాలమే దాని చదువులో తక్కువగా ఉంటుంది.

అలాగే తీరం. లోతుల్లో తిరిగేలా తయారైన ఫ్లోట్‌కు ఒడ్డు దగ్గరి నిస్సార జలాల్లో చోటు లేదు. మన మరబోట్లలో చాలావరకు, తెప్పలు, పడవలు అన్నీ వేటాడేది అక్కడే. గోదావరి వరద సముద్రంలోకి తోసే ఒండ్రును, కుళ్లిన ఆకుల రంగును ఉపగ్రహం పచ్చదనంగా పొరబడే చోటు కూడా అదే. నడిసముద్రంలో నేర్చుకున్న లెక్కను అంతర్వేది ముందు, కాకినాడ ముందు వాడితే ఆ అంకె ఎంత నమ్మదగిందో ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి చూడాలి. మన తీరంలో వందల బోట్లు రోజూ ఆ నీళ్లలోకే వెళ్తున్నాయి. ఇష్టపడిన కొందరు బోటు యజమానులకు చిన్న పరికరాలిచ్చి, కొలిచిన పనికి డబ్బులిచ్చి, వలతోపాటు దించమనండి. 1865లో ఇటలీలో ఆంజెలో సెకీ ఒక తెల్లని పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించి, అది కనబడకుండా పోయే లోతును బట్టి నీటి తేటదనం కొలిచాడు. ఆ పళ్లెం ఇప్పటికీ పనికొస్తుంది, దాన్ని ఏ వడ్రంగైనా చేసి ఇస్తాడు.

మూడోది పరీక్ష. ఇది మీలోని లెక్కల నిపుణులకు. ఒకే ఫ్లోట్ పది రోజుల తేడాతో ఇచ్చిన రెండు కొలతలు దాదాపు ఒకేలా ఉంటాయి. అన్ని కొలతలనూ కలిపి, అందులోంచి కొన్నిటిని పరీక్షకు పక్కన పెడితే, పరీక్షలో వచ్చేవి యంత్రం ఇంచుమించు ముందే చూసినవే. మార్కులు బాగా వస్తాయి, కొత్త చోటికి వెళ్తే తేలిపోతుంది. అందుకే మొత్తం ఫ్లోట్‌నే పక్కన పెట్టి పరీక్షించండి. ఒక రుతుపవన కాలమంతా పక్కన పెట్టి పరీక్షించండి. ప్రపంచ సగటుకు వచ్చిన మార్కులు బంగాళాఖాతానికి అన్వయించకండి. మన సముద్రానికి విడిగా ఎంత తప్పు వచ్చిందో, ఏ లోతున వచ్చిందో పటం పక్కనే అచ్చు వేయండి.

ఇక నా మనసుకు దగ్గరి సంగతి. ఫోటోల ద్వారా ప్లవకాల జాతులను గుర్తించే మెషీన్ లెర్నింగ్ కూడా ఇప్పుడు బాగా పనిచేస్తోంది. 2008లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో, నీటిలో ఉంచిన సూక్ష్మదర్శిని కెమెరా డైనోఫైసిస్ అనే విషజాతి పెరగడాన్ని ముందే పట్టింది. ఆల్చిప్పల సేకరణను ఆపేయడంతో జనం ఆరోగ్యానికి ముప్పు తప్పింది. ఆ పరికరం తీసిన బొమ్మలకు పేర్లు పెట్టి యంత్రానికి నేర్పింది వర్గీకరణ శాస్త్రజ్ఞులు. మన తీరంలో కీటోసెరాస్ అనే ప్లవక ప్రజాతిలో ఒక జాతినీ దాని పక్క జాతినీ ముళ్లను చూసి విడదీయగలవాళ్లు, వేసవిలో నీటిమీద ఇటుకరంగు పొడిలా తేలే ట్రైకోడెస్మియంను చూడగానే చెప్పగలవాళ్లు వయసు మళ్లిపోతున్నారు. వాళ్ల తర్వాత ఆ చోటుకు వచ్చే పిల్లలు తక్కువ. శైవలాల వర్గీకరణ చదివితే ఉద్యోగం రాదని నా విద్యార్థులే నాతో అన్నారు, వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు మీరు ఇవ్వగలరు. మీ ఆవరణలోనే సముద్ర శాస్త్ర శిక్షణ కేంద్రం ఉంది. కోడ్ రాసే కోర్సుల పక్కన ప్లవకాలను గుర్తించే కోర్సు పెట్టండి, నేర్చినవారికి ఉద్యోగాలు చూపండి.

పాత కొలతలను కూడా వదలొద్దు. 1950వ దశకంలో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్, ఇక్కడి విద్యార్థులతో కలిసి వాల్తేరు తీరంలో అడుగునీరు పైకి రావడాన్ని కొలిచారు. అదే విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర శాఖలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు ఆ నీటిలోని ప్లవకాలను పరిశీలించారు. 1960వ దశకంలో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. ఉపగ్రహాలు రాకముందు బంగాళాఖాతం ఎలా ఉండేదో చెప్పగలిగినవి ఆ కాగితాలే. ఎక్కడెక్కడ ఏ బీరువాల్లో ఉన్నాయో వెతికించి, అంకెలుగా మార్చి అందరికీ అందుబాటులో పెట్టించండి. యంత్రం తన లెక్కను వెనక్కి నడిపినప్పుడు అవి సాక్ష్యం చెబుతాయి.

డబ్బు సంగతి మంత్రిత్వ శాఖ వినాలి. 2021లో కేంద్రం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్ల రూపాయలు కేటాయించారు. మత్స్య-6000 వాహనంలో మనుషులను 6,000 మీటర్ల లోతుకు పంపాలన్నది అందులో ముఖ్యమైన లక్ష్యం. దేశం గర్వపడే పని అది. అరవై మీటర్ల లోతున ఉండి మన తీరానికి తిండి పెట్టే పచ్చని పొరకూ అదే పట్టుదల కావాలి. దాన్ని కొలవడానికి కావలసింది బంగాళాఖాతంలో ఎప్పుడూ తగినన్ని బయో-ఆర్గో ఫ్లోట్లు, ఏడాది పొడవునా వెళ్లే ఓడ ఒకటి, నీళ్లు వడకట్టే ప్రయోగశాలల్లో స్థిరమైన ఉద్యోగాలు. మెషీన్ లెర్నింగ్ వల్ల ఖర్చు మిగులుతుందని ఎవరైనా మీ ముందు లెక్క చూపితే, ఆ మిగిలిన డబ్బును కొత్త ఫ్లోట్లకే పెట్టమని అడగండి.

మీరు విడుదల చేసే ప్రతి లోతు పటంలోనూ కొలిచిన చోటు ఒక రంగులో, ఊహించిన చోటు ఇంకో రంగులో కనబడాలి. తెలుగు పటంలోనూ అలాగే ఉండాలి, చదివే మత్స్యకారుడికి ఆ తేడా తెలియాలి. వచ్చే నైరుతి రుతుపవనాలు మొదలయ్యేలోపు ఈ ఒక్క పని ప్రారంభించండి. మిగతా కోరికల గురించి మీ జవాబును కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు